లేని హాలులో పాడిన పాటలు

(ఒక గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ అమెరికా సంగీతం మీద సాధికారంగా మాట్లాడతానని సెలవిచ్చారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని నా మనవి. నాకు సరిగమలు కూడా సరిగా రావు. న్యూజెర్సీలో పదేళ్లకు పైగా రాత్రి ఉద్యోగం చేశాను. రాత్రి ఉద్యోగం చేసేవాడికి రేడియో తప్ప వేరే దిక్కు ఉండదు. నా అర్హత అంతే.

ఆహ్వాన పత్రం మీద "అడల్ట్ స్టాండర్డ్స్" అని అచ్చు వేశారు. నిన్న ఒక మిత్రుడు ఫోను చేసి, "ఏమండీ, మా ఆవిడను తీసుకురావచ్చా?" అని అడిగారు. (నవ్వులు) నిక్షేపంగా తీసుకురావచ్చు. ఇక్కడ అడల్ట్ అంటే పెద్దవాళ్లు, ఇల్లూ పిల్లలూ అప్పులూ ఉన్న మామూలు మనుషులు. స్టాండర్డ్ అంటే నలుగురూ పాడగా నిలిచిన పాట. సుమారు 1920 నుంచి 1960 దాకా అమెరికాలో నాటకాల కోసం, సినిమాల కోసం, నృత్య బృందాల కోసం రాసిన పాటల్లో కొన్ని వందలు అలా నిలిచాయి. తరువాత ఆ పాటలే వేసే రేడియో స్టేషన్లు వచ్చాయి. ఆ తరహా ప్రసారాలకు పరిశ్రమలో పెట్టుకున్న పేరు ఇది.

నాకైతే వాటిని నిలవ పచ్చళ్లు అనాలని ఉంటుంది. రోటి పచ్చడి ఆ పూటకు, ఆవకాయ ఏడాదికి. పైగా అదే కాయ, అదే ఆవపిండి, అదే నూనె అయినా మా అత్తయ్య చేతి ఆవకాయ వేరు, మా పిన్ని చేతి ఆవకాయ వేరు. ఈ పాటలూ అంతే. ఒకే పాటను ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడింది, ఫ్రాంక్ సినాట్రా పాడాడు, నాట్ కింగ్ కోల్ పాడాడు. అది ఎవరి పాట అని అడిగితే జవాబు ఉండదు. మన సినిమా పాటకు ఈ అదృష్టం పట్టలేదు. ఒక పాటను ఘంటసాల గారు పాడారంటే అది ఆయనదే. ఇంకొకరు పాడితే అనుకరణ అంటాం. పెళ్లిలో ఆర్కెస్ట్రావాళ్లు పాడేది కూడా ఘంటసాల గారి నీడనే. వాళ్లకు అలా కాదు. పాట ఊరి చెరువు లాంటిది, ఎవరి బిందె వారిది.

సరే, నేను ఇందులోకి ఎలా వచ్చానో చెబుతాను. 1984లో నెవార్క్ పట్టణంలో ఒక బీమా కంపెనీ కంప్యూటర్ గదిలో నాకు ఉద్యోగం. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు దాకా. గుండ్రని టేపులు ఎక్కించడం, దించడం, ప్రింటరుకు కాగితం పెట్టడం పని. నాతో పాటు ఒక పెద్దాయన ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, అప్పటికి అరవై దాటాయి. ఆయన దగ్గర తోలు తొడుగు వేసిన చిన్న రేడియో ఉండేది. కంప్యూటర్ పక్కన పెడితే అది ఒకటే గుర్రుమనేది. మీడియం వేవ్ రేడియోకూ ఆ యంత్రాలకూ అసలు పడదు. అందుకని కిటికీ గట్టు మీద, ఒక ఖాళీ టేపు డబ్బా ఎత్తుపీట వేసి పెట్టేవాడు. ముల్లు ఎప్పుడూ 1130 మీదే. న్యూయార్క్ స్టేషన్, పేరు డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ.

మొదటి నెల నాకు ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. ఇంగ్లీషు వచ్చు, పాట రాదు. అన్నీ ఒకేలా ఉండేవి. ఒక రాత్రి ఆయన నన్ను పిలిచి, "ఇప్పుడు విను, ఇది అసలు పాట కాదు, పాటకు ముందు మాట" అన్నాడు. తాళం లేకుండా, మాట్లాడుతున్నట్టు, నాలుగైదు వాక్యాలు. తరువాత ఒక క్షణం ఆగి, అసలు పాట అందుకుంది గాయని. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇది సాకీ కదా! మన నాటకాల్లో, పాత సినిమాల్లో, రేడియో లలిత గీతాల్లో పల్లవికి ముందు వచ్చే సాకీ. ఆయనకు సాకీ అంటే ఏమిటో చెప్పడానికి ఒక గంట పట్టింది. పాడి చూపించమన్నాడు. పాడాను. ఆ పూట రెండు టేపులు తప్పు ఎక్కించాం. (నవ్వులు)

ఆ తరువాత నిర్మాణం కూడా తెలిసింది. ఎక్కువ పాటలు నాలుగు ముక్కలు. ఒక్కో ముక్క ఎనిమిది ఆవర్తాలు, మన లెక్కలో చెబితే. మొదటి వరస రెండు సార్లు, మధ్యలో ఒక కొత్త వరస, మళ్లీ మొదటి వరస. మొత్తం ముప్ఫై రెండు. ఆ మధ్య వరసలోనే ఉంది కిటుకంతా. అక్కడ పాట ఇల్లు వదిలి వెళ్తుంది. తిరిగి వచ్చేసరికి అదే పాత వరస కొత్తగా వినిపిస్తుంది. సాకీ ఎందుకు అరుదుగా వినిపించేదో కూడా ఆయనే చెప్పాడు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డు ఒక పక్క మూడు నిమిషాలకు మించి పట్టదు. నాట్యం చేసేవాళ్లకు తాళం కావాలి, సాకీకి తాళం లేదు. కత్తెర పడేది దాని మీదే. 1948లో ఎక్కువసేపు పాడే ఎల్పీ రికార్డు వచ్చాక చోటు దొరికింది. 1956లో మొదలుపెట్టి ఎల్లా ఫిట్జెరాల్డ్ ఒక్కో రచయిత పాటలు వరసగా ఆల్బములు చేసినప్పుడు, ఆ వదిలేసిన సాకీలు చాలా తిరిగి వచ్చాయి.

ఇక ఆ స్టేషను సంగతి. అది పుట్టింది 1934లో. దాన్ని నిలబెట్టిన కార్యక్రమం పేరు "మేక్ బిలీవ్ బాల్‌రూమ్". తెలుగులో చెప్పుకోవాలంటే ఉత్తుత్తి నాట్యశాల. 1935 ఫిబ్రవరిలో, విమాన చాలకుడు లిండ్‌బర్గ్ బిడ్డను ఎత్తుకెళ్లి చంపిన కేసు న్యూజెర్సీలోని ఫ్లెమింగ్టన్ కోర్టులో నడుస్తోంది. దేశమంతా రేడియోకు చెవి అప్పగించి కూర్చుంది. కోర్టు నుంచి వార్తకూ వార్తకూ మధ్య ఖాళీ వచ్చేది. ఆ ఖాళీలో ఏదో ఒకటి వినిపించాలి. మార్టిన్ బ్లాక్ అనే అనౌన్సరు చూస్తే స్టేషన్లో రికార్డులే లేవు. ఆ రోజుల్లో మర్యాద గల రేడియో అంటే వాద్యకారులు స్టూడియోలో కూర్చుని వాయించాలి. రికార్డు వేయడం అంటే చద్దన్నం వడ్డించినట్టు. బ్లాక్ బయటికి వెళ్లి దగ్గరలోని దుకాణంలో కొన్ని రికార్డులు కొనుక్కొచ్చాడు. వేసి, తాను ఒక పెద్ద నాట్యశాలలో నిలబడి ఉన్నట్టు, ఎదురుగా వేదిక మీద బృందం వాయిస్తున్నట్టు మాట్లాడాడు. ఈ ఉపాయం కూడా ఆయన సొంతం కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఆల్ జార్విస్ అనే ఆయన అంతకు ముందే చేస్తున్నాడు. న్యూయార్క్ జనం మాత్రం బ్లాక్‌కే పడిపోయారు.

ఒక చిన్న గదిలో ఒక మనిషి, తిరిగే రికార్డు, ఎదురుగా గోడ. బయట ఆర్థిక మాంద్యం. హాలు లేదు, దీపాలు లేవు, నాట్యం చేసేవాళ్లు లేరు. జనానికి ఆ సంగతి తెలుసు. కార్యక్రమం పేరులోనే ఉత్తుత్తి అని చెప్పాడు కదా, మోసం లేదు. అయినా ఎవరి వంటింట్లో వాళ్లు ఆ హాలు కట్టుకున్నారు. ఆ రోజులే బాగుండేవి అంటూ మా పెద్దాయన నిట్టూర్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చేది. ఆయన బెంగపెట్టుకున్న ఆ హాలు ఎన్నడూ లేదు. లేనిదాని మీద బెంగ. నేనింకా ఒక మెట్టు కింద. నా బాల్యం గుంటూరు జిల్లాలో గడిచింది. ఆయనకున్న బెంగను అరువు తెచ్చుకున్నాను, ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

ఈ రికార్డుల మీద పెద్ద రగడే జరిగింది. లేబుళ్ల మీద రేడియోలో వేయరాదని అచ్చు వేసేవారు. పాల్ వైట్‌మన్ అనే బృంద నాయకుడి రికార్డుల వ్యవహారం కోర్టుకెక్కింది. కొనుక్కున్న రికార్డును ప్రసారం చేసుకోవచ్చని 1940లో అప్పీలు కోర్టు తేల్చింది. 1941లో పాటల రచయితల సంఘం ఎక్కువ రుసుము అడిగితే రేడియో కంపెనీలు ఇవ్వం పొమ్మన్నాయి. దాదాపు పది నెలలు ఆ సంఘం పాటలేవీ పెద్ద రేడియోల్లో వినపడలేదు. హక్కులు తీరిపోయిన పందొమ్మిదో శతాబ్దపు స్టీఫెన్ ఫాస్టర్ పాటలు వేసి వేసి జనాన్ని విసిగించారు. 1942 ఆగస్టులో వాద్యకారుల సంఘం రికార్డింగులే బంద్ అంది. పెద్ద కంపెనీలు రెండు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. ఇక్కడ ఒక తమాషా. గాయకులు ఆ సంఘంలో సభ్యులు కారు. కనుక వెనక వాద్యాలు లేకుండా, కోరస్ గొంతులు మాత్రమే పెట్టి కుర్ర సినాట్రా 1943లో రికార్డులు ఇచ్చాడు. అంతకు ముందు బృందం పేరు పెద్దది, గాయకుడి పేరు చిన్నది. సమ్మె అయ్యేసరికి అది తలకిందులైంది. వాద్యకారులు తమ కడుపు కోసం చేసిన సమ్మె గాయకుడికి పట్టాభిషేకం చేసింది.

మన దగ్గరా పాట మీద ఇలాంటి కత్తి పడింది, కాకపోతే పట్టింది వేరే చెయ్యి. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన కేస్కర్ గారికి సినిమా పాట గిట్టదు. ఆకాశవాణిలో అది సన్నగిల్లింది. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. 1957లో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. అక్కడ డబ్బు, ఇక్కడ అభిరుచి. శ్రోతను మాత్రం ఎక్కడా ఎవరూ అడగలేదు.

నాకు ఆ స్టేషనులో అన్నిటికన్నా నచ్చినది పాట కాదండీ. పాటకు ముందూ వెనకా ఉండే నాలుగు మాటలు. ఎవరు రాశారు, ఎవరు వరస కట్టారు, ఏ నాటకం కోసం, ఆ నాటకం ఏమైంది. మన ఆకాశవాణిలో "రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా" అని తూచినట్టు చెప్పేవారు చూడండి, నాకు చిన్నప్పటి నుంచీ ఆ వాక్యం ఇష్టం. అక్కడివాళ్లు దాన్ని కథగా చెప్పేవారు. పాటల రచయిత అర్వింగ్ బెర్లిన్ గారి గురించి అలా విన్నదే. రష్యా నుంచి అయిదేళ్ల వయసులో వచ్చిన పేద యూదు పిల్లవాడు. స్వరలిపి చదవలేడు, రాయలేడు. పియానో మీద నల్ల మెట్లు తప్ప వాయించలేడు. మెట్ల వరస కింద ఒక మీట పెట్టించుకుని, దాన్ని జరిపి శ్రుతి మార్చుకునేవాడు. మన సురభి నాటకాల్లో స్కేల్ ఛేంజర్ హార్మోనియం చూసినవారికి ఇది వింతగా ఉండదు. అలా వాయిస్తూ వందల పాటలు కట్టి నూటొక్క ఏళ్లు బతికాడు.

ఇంకొకటి. 1938లో ఒక సంగీత నాటకంలో ముసలి గవర్నరు ఒక పడుచుపిల్లను పెళ్లాడాలనుకుంటాడు. ఆ పాత్ర వేసిన వాల్టర్ హ్యూస్టన్‌కు పాడే గొంతు లేదు. సంగీతం కుర్ట్ వైల్, హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకు వచ్చినవాడు. గొంతు లేని నటుడికి సరిపడేలా, ఎక్కువ ఎక్కడం దిగడం లేకుండా, సెప్టెంబరు నెల మీద ఒక పాట కట్టాడు. శరత్కాలం వచ్చేసింది, రోజులు కురచవుతున్నాయి, ఎదురుచూసే తీరిక లేదు అని. ఆ నాటకాన్ని ఇప్పుడు తలచుకునేవాళ్లు తక్కువ. ఆ పాటను మాత్రం మహామహా గాయకులు ఎందరో పాడారు. అంత గొంతులు ఉన్నవాళ్లు పాడినా, నాకు హ్యూస్టన్ గరగర గొంతుతో అన్నదే నచ్చుతుంది. ఇది నా మొండితనం అనుకోండి.

నేను విన్న రోజుల్లో ఆ ఉత్తుత్తి నాట్యశాలను విలియం బి. విలియమ్స్ నడిపేవాడు. సినాట్రాకు "చైర్మన్ ఆఫ్ ది బోర్డ్" అని బిరుదు తగిలించినది ఆయనే. "హలో వరల్డ్" అని మొదలుపెట్టేవాడు. ప్రపంచం మొత్తానికి నమస్కారం, అదీ ఎదురింటివాణ్ణి పలకరించినంత తేలికగా. ఉద్యోగం దిగి, ఇంటికి వెళ్లి, తలుపులకు దుప్పటి కట్టి పడుకోబోయే ముందు ఆయన గొంతు వినేవాణ్ణి. 1986 ఆగస్టులో ఆయన పోయాడు. మా పెద్దాయన ఆ రాత్రి రేడియో పెట్టలేదు. యంత్రాల చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇదంతా వినడానికి తియ్యగా ఉంది కాబట్టి ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఆ పాటల కాలం అందరికీ ఒకటి కాదు. నాట్ కింగ్ కోల్ గొంతు ప్రతి ఇంట్లోనూ మోగేది. 1956లో ఎన్‌బీసీ అనే పెద్ద ప్రసార సంస్థ ఆయనకు టెలివిజన్ కార్యక్రమం ఇచ్చింది. తోటి గాయకులు ముచ్చటపడి వచ్చి పాడారు. ఏడాది దాటినా దేశవ్యాప్తంగా ప్రకటన ఇచ్చే కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. నల్లవాడి పక్కన తమ సబ్బు, తమ లిప్‌స్టిక్ కనపడితే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అమ్ముడుపోవని భయం. 1957 డిసెంబరులో ఆయనే చాలించుకున్నాడు. చెవికి పనికొచ్చినవాడు కంటికి పనికిరాలేదు. మా పెద్దాయన తెల్లవాడు. ఈ మాట ఎత్తితే మౌనంగా టేపులు సర్దుకునేవాడు.

ప్రకటనలవాళ్ల పేరు వచ్చింది కనుక ఆ స్టేషన్లు ఎలా పోయాయో కూడా చెప్పేస్తాను. వినేవాళ్లు లేక పోయాయని చాలామంది అనుకుంటారు. కాదు. వినేవాళ్లకు వయసు వచ్చింది కనుక పోయాయి. 1970ల చివరికి పాట ఎఫ్‌ఎంకు వెళ్లిపోయింది. అక్కడ స్టీరియో, గరగరలు లేవు. మీడియం వేవ్ స్టేషన్లకు మిగిలింది మాటలు, వార్తలు, ఇదిగో ఈ పాత పాటలు. 1978లో ఆల్ హ్యామ్ అనే ఆయన "మ్యూజిక్ ఆఫ్ యువర్ లైఫ్" అనే పేరుతో ఈ పాటలను మూటగట్టి, ఊరూరా చిన్న స్టేషన్లకు సరఫరా చేశాడు. శ్రోతలు విరగబడి వచ్చారు. కానీ ప్రకటన కొనేవాడు తలలు లెక్కపెట్టడు, వయసు లెక్కపెడతాడు. ఇరవై అయిదు నుంచి యాభై నాలుగు దాకా ఉన్నవాడే వాడి దృష్టిలో మనిషి. యాభై అయిదో పుట్టినరోజు చేసుకున్న మర్నాడు వాడి పద్దులో మీరు లేరు. ఈ సభలో ఎంతమందిమి ఉన్నామో ఒకసారి చూసుకోండి. (నవ్వులు) మధ్యలో వచ్చే ప్రకటనలు మారుతూ ఉండటం నేను చెవులారా విన్నాను. మొదట్లో కార్లు, బ్యాంకులు. తరువాత పళ్ల సెట్టు జిగురు, చెవి మిషను, చివరికి శ్మశానంలో ముందుగా కొనుక్కునే స్థలం.

1992లో డబ్ల్యూఎన్ఈడబ్ల్యూను ఆర్థిక వార్తల బ్లూమ్‌బర్గ్ కంపెనీ కొనేసింది. డిసెంబరులో పాటలు ఆగిపోయాయి. 1130 మీద ఇప్పుడు షేర్ల ధరలు. అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు తమ 1560 స్టేషనులో ఈ పాటలు మొదలుపెడితే ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్లు. 1998 చివర దాన్ని డిస్నీకి లీజుకు ఇచ్చారు, పిల్లల రేడియో కోసం. ముందు వ్యాపారులు, వెనక పిల్లలు. ముసలివాళ్లు ఇటూ కాలేదు, అటూ కాలేదు.

మా పెద్దాయన అప్పటికి రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. స్టేషను ఆగిపోయిన వారం ఫోను చేశాను. "నా దగ్గర రికార్డులన్నీ ఉన్నాయి, దిగులేముంది" అన్నాడు. కాసేపాగి, "కానీ తరువాత ఏ పాటో నాకు ముందే తెలిసిపోతోంది" అన్నాడు.

ఇప్పుడు మీలో కొందరు జేబులో ఫోను తడుముకుంటున్నారు. అవును, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క పాటకు నలభై గొంతులు ఉన్నాయి. నేనూ వింటాను. కానీ ఎవరు రాశారో అందులో వెతికితే గాని దొరకదు. నేను ఇష్టపడినవే మళ్లీ నా ముందు పోస్తుంది, అల్లుణ్ణి మెప్పించాలనుకునే అత్తగారిలా. ఇష్టం లేని పాటను మూడు నిమిషాలు ఓర్చుకుని కూర్చుంటే, ఆ తరువాతది గుండెలో దిగేది. నెవార్క్ కిటికీ దగ్గర నాకు సాకీ దొరికింది అలాగే. నేను అడిగి ఉంటే అది వచ్చేది కాదు, దాని పేరేమిటో నాకు తెలియదు కదా.

మన లలిత గీతాలు ఇలాంటివేనా అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. సగం అవును. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు కట్టిన పాటలు ఇలాగే ఇంటింటి గొంతుల్లోకి వెళ్లాయి. సగం కాదు. వాళ్ల పాట నాటకశాలలో పుట్టి రేడియోకు వచ్చింది. మన లలిత గీతానికి రేడియోయే పుట్టిల్లు. పుట్టింటివాళ్లు పట్టించుకోకపోతే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? దీని మీద ఇంకో సభ పెట్టండి, తెలిసినవారిని పిలవండి. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క పాట వినిపించి దిగిపోతాను. నేను ఇందాక చెప్పిన సెప్టెంబరు పాటే, గొంతు లేని ఆయన పాడినదే. ఏమీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. మొదట్లో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, పాట ఇంకా మొదలు కాలేదనుకుంటారు. అదే సాకీ. బాబూ, ఆ పంకా కాస్త ఆపు. రెండోది కూడా.